హైదరాబాద్‌లో ఉంటూ సముద్రపొడ్డున తోట పెంచడం: ఇసుక దిబ్బ నుంచి తాబేళ్ల దాకా

మేముండేది మల్కాజిగిరిలో. తోట ఉన్నదేమో బాపట్ల దగ్గర, సూర్యలంకకి కాస్త ఎడంగా. మధ్యలో మూడొందల పైచిలుకు కిలోమీటర్లు. అన్నదమ్ములం ముగ్గురం కలిసి కొన్న అరెకరం ఇసుక, అందులో రెండు గదులు, ఒక వరండా. సెలవులకి పిల్లలతో వెళ్లి నాలుగు రోజులుండి రావడానికి కట్టుకున్నాం.

మొదటి ఏడాది మేం చేసిన ఘనకార్యం ముందు చెప్పాలి. నగర శివారు నర్సరీలో పచ్చిక చాపలు కొని, డీసీఎం వ్యానులో వేసుకుని తీసుకెళ్లి, ఇంటి ముందు పరిపించాం. కాపలా చూసే పెద్దాయన (మేం బాబాయ్ అంటాం) చేతులు కట్టుకుని చూసి, "ఏం బాబూ, ఇసక్కి చీర కడతన్నారా?" అన్నాడు. నలభై రోజులకి చాపలు చాపల్లాగే మిగిలాయి, పచ్చదనం ఒక్కటే పోయింది. దాని వెంటే గులాబీలు, నిటారు అశోకాలు, కుండీల్లో ఫెర్న్‌లు అన్నీ వరసగా పోయాయి.

హైదరాబాద్ తోట తెలివి ఎర్రమట్టికీ, పొడి గాలికీ, ట్యాంకర్ నీళ్లకీ పుట్టింది. సముద్రపొడ్డున అది పనికిరాదు. అక్కడ ఏది బతుకుతుందో ఇసుక ఎప్పుడో తేల్చేసింది. దాన్ని చదువుకుని ఆ వరసలోనే మొక్క నాటితే ఖర్చు సగమవుతుంది, పక్షులూ పీతలూ వాటంతటవే వస్తాయి. కింద రాసినవి ఆ క్రమంలోనే చేయండి. మేం తలకిందులుగా చేసి నేర్చుకున్నాం.

మొదటి అడుగు: పార పట్టేముందు కాగితం చూడండి

పెద్ద పోటు నీరు తాకే గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. అందరూ సీఆర్‌జెడ్ అంటారే, అవే. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో మామూలుగా కొత్త కట్టడం కుదరదు. జనసాంద్రత ఎక్కువున్న చోట్ల 2019 నోటిఫికేషన్ ఆ దూరాన్ని 50 మీటర్లకి తగ్గించింది. మీ స్థలం ఏ వర్గంలోకి వస్తుందో తీరప్రాంత పటం చూపించి, రాతపూర్వకంగా తెలుసుకోండి. అమ్మేవాడి నోటి మాట చాలదు. భూగర్భ జలం తోడుకోవడం మీద కూడా ఇందులో ఆంక్షలున్నాయి.

తోట వేసేవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇంకొకటి: ఇసుక దిబ్బల్ని చదును చేయడం, అందం కోసం రూపం మార్చడం నిషేధం. మా పక్క స్థలం వాళ్లకి ఒక కాంట్రాక్టరు "సముద్రం కనపడాలి కదా సార్" అని జేసీబీ పెట్టి దిబ్బని కోసేశాడు. సముద్రం బాగానే కనపడింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు ఆ సముద్రమే వాళ్ల వరండాలోకి వచ్చి కూర్చుంది. మా ముందున్న దిబ్బ నాలుగడుగులు తరిగింది గానీ నిలబడింది.

రెండో అడుగు: ఒక రోజంతా ఏమీ చేయకుండా నడవండి

ఉదయం ఆరింటికి నీటి అంచు దగ్గర మొదలుపెట్టి ఇంటి వైపు నడవండి. చేతిలో కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

ముందు వట్టి ఇసుక వస్తుంది. అందులో పీతల బొరియలు. తర్వాత మేక గిట్టలా చీలిన ఆకులతో, ఊదారంగు గంటపూలతో ఇసుక మీద పాకే తీగ. కొన్ని ఊళ్లలో దీన్ని బాలబంద తీగ అంటారు. దాని పక్కనే ముళ్ల బంతుల్లాంటి కాయలు గాలికి దొర్లే గడ్డి. అది రావణాసురుడి మీసం. ఈ రెండే దిబ్బని కట్టి ఉంచే తాళ్లు. వాటి వెనక మొగలి పొదలు. ఆ వెనక వంగిన చెట్లు, ఇంకా వెనక నిటారు చెట్లు. మీ తోట కూడా ఇదే వరసలో ఉండాలి. ఈ వరసని తిరగేసి సముద్రం వైపు అందమైన మొక్కలు, వెనక ముళ్లపొదలు పెట్టామా, ముందువి మాడిపోతాయి, వెనకవి వృథా.

మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. చుట్టుపక్కల చెట్లని చూడండి: ఏ వైపు కొమ్మలు ఎండాయి, ఏ వైపుకి వంగాయి, ఆకు అంచులు ఎక్కడి దాకా మాడాయి. ఆ మాడిన గుర్తు ఆగిపోయే చోట కాగితం మీద గీత గీయండి. ఆ గీతకి ఇవతలే పళ్లచెట్లు. ఉప్పు ఎక్కువగా వచ్చేది నేలలోంచి కాదు, గాలిలోంచి. ఇది అర్థమయ్యాకే మా డబ్బు వృథా కావడం ఆగింది.

మూడో అడుగు: నీళ్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సముద్రపొడ్డు తోటలు చచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఇసుక తీరంలో వాననీరు కిందికి ఇంకి, ఉప్పునీటి మీద తేలే పల్చటి పొరలా నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. లెక్క ఏమిటంటే, సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. ఇది వినడానికి బాగానే ఉంది. తిరగేసి చూడండి: మోటారు పెట్టి లాగేసి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 40 అడుగులు పైకి రావచ్చు. హైదరాబాద్‌లో బోరు ఎండితే ఇంకా లోతుకి వెళ్తాం. ఇక్కడ లోతుకి వెళ్లడమంటే ఉప్పుని పిలవడమే.

అందుకే ఈ ప్రాంతపు రైతులు పూర్వం నుంచీ దొరువులు తవ్వుకున్నారు. దొరువు అంటే ఇసుకలో తీసిన వెడల్పాటి, లోతు తక్కువ గుంట. కుండతో ముంచుకుని మొక్కకి పోసేవాళ్లు. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పనిచేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ పద్ధతినే మెరుగుపరిచారు: చిల్లుల పైపుల్ని ఇసుకలో అడ్డంగా పరిచి, మంచినీటి పొరని మాత్రం మెల్లగా ఒక బావిలోకి చేర్చుకోవడం. తోటకి ఇంతకన్నా తగిన పద్ధతి నాకు కనపడలేదు. అనుమతి ఉన్న చోటే, చిన్న మోటారుతో, రోజుకి రెండు విడతలుగా, కొద్దికొద్దిగా తోడండి.

టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది, ఒకటి కొనండి. ఆన్‌లైన్‌లో కొద్ది వందల్లో వస్తుంది. లీటరుకి 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ మొక్కకైనా పోయొచ్చు. 450 నుంచి 2000 మధ్య ఉంటే ఉప్పు తట్టుకునే మొక్కలకే. 2000 దాటితే కొబ్బరి లాంటి మొండి ఘటాలు తప్ప మిగతావి కష్టం. అసలు పరీక్ష మే నెలలో. జనవరిలో చూసి సంబరపడొద్దు. బాబాయ్ ప్రతి ఒకటో తారీఖున మీటరు ముంచి, అంకెని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. మూడేళ్ల ఫొటోలు వరసగా చూస్తే, మోటారు ఎప్పుడు ఎక్కువ నడిచిందో చెప్పకుండానే తెలిసిపోతుంది.

మిగతావి క్లుప్తంగా: కప్పు నీళ్లు పట్టి తొట్టెలో నింపండి. డ్రిప్ వేయండి, స్ప్రింక్లర్ వద్దు. ఉప్పు కలిసిన నీళ్లు ఆకు మీద పడి ఆరితే ఆకు మాడుతుంది. మొదళ్ల చుట్టూ కొబ్బరి పీచు, ఎండు మట్టలు అరచేతి మందాన పరవండి. సెప్టిక్ ట్యాంకుని దొరువుకి వీలైనంత దూరంగా కట్టండి. ఇసుక మురుగుని వడకట్టేలోపే ముందుకి పంపేస్తుంది.

నాలుగో అడుగు: ఇసుకలో గుంట

"పది ట్రాక్టర్ల నల్లమట్టి కొట్టించండి" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వినకండి. ఇసుక మీద నల్లమట్టి పొర వేస్తే వానకి జిగురు, ఎండకి పెచ్చు. గుంటలోనే పని చేయాలి. చెట్లకైతే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. అడుగున కొబ్బరి డొక్కలు, పీచు వైపు పైకి ఉండేలా రెండు వరసలు. అవి స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతాయి. ఆ పైన తీసిన ఇసుకలోనే చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు కిలోల వేప పిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి.

ఎరువు ఒక్కసారే ఎక్కువగా వేయొద్దు. ఇసుకలో వేసినది వేసినట్టే నీటితో కిందికి దిగిపోతుంది. ఏడాది మోతాదుని నాలుగైదు భాగాలు చేసి ఇవ్వాలి.

ఐదో అడుగు: గాలికి గోడ, మొక్కలతో

ఇటుక గోడ కడితే గాలి దాని మీదుగా ఎగిరి అవతల సుడి తిరిగి పడుతుంది. మొక్కల గోడ గాలిని వడకట్టి మెత్తబరుస్తుంది. ముందు వరసలో తీగనీ రావణాసురుడి మీసాన్నీ ముట్టుకోకుండా వదిలేయండి. ఖాళీలుంటే తీగ ముక్కలు జానెడేసి కత్తిరించి తడి ఇసుకలో పాతితే పట్టుకుంటాయి. తర్వాత మొగలి. ఆ వెనక పొన్న, గంగరావి, కానుగ, బాదం. ఈ నాలుగూ ఉప్పు గాలిని తట్టుకునేవే. పొన్న నిదానంగా పెరుగుతుంది, కానీ దాని మందపాటి మెరిసే ఆకు ఉప్పుకి ఏమాత్రం లొంగదు. నాకు ఒక్క చెట్టే నాటే చోటుంటే పొన్నే నాటుతాను.

సరుగుడు సంగతి చాలామంది అడుగుతారు. తీరమంతా అదే కనిపిస్తుంది కాబట్టి స్థానికం అనుకుంటాం. మన తీరానికి తెచ్చి నాటిన చెట్టు అది. త్వరగా పెరుగుతుంది, గాలిని ఆపుతుంది, కలపకి ధర వస్తుంది, నిజమే. కానీ దాని ఆకుపొర కింద ఇంకో మొక్క మొలవదు. దిబ్బ ముందు భాగంలో నాటితే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా పోతుంది. వెనక సరిహద్దులో ఒక వరస చాలు.

ఈ గోడకి ఇవతల, మీరు గీసిన గీత లోపల, జీడిమామిడి, సపోటా, నేరేడు, ఈత. వేటపాలెం జీడిపప్పుకి పేరున్న ప్రాంతం కదా, జీడిమామిడికి ఇసుక అచ్చొస్తుంది. పూలకి దేవగన్నేరు, కాగితపు పూలు, నూరు వరహాలు, బిళ్లగన్నేరు. బిళ్లగన్నేరు మెట్ల పగుళ్లలో కూడా మొలుస్తుంది, అడగాల్సిన పనే లేదు. ఎర్ర గన్నేరు బతుకుతుంది కానీ నిలువెల్లా విషం. పిల్లలూ మేకలూ తిరిగే చోట వద్దు. సర్కారు తుమ్మ మొలక కనిపిస్తే ఆ రోజే పీకండి. రేపటికి వదిలితే వేరు మనకన్నా లోతుకి పోతుంది.

నాటే కాలం విషయంలో కూడా హైదరాబాద్ అలవాటు మార్చుకోవాలి. మనకి వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. అక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన కూడా బాగా పడుతుంది. చెట్లని జూలై, ఆగస్టుల్లో నాటితే తుఫానుల కాలానికి వేళ్లు దిగుతాయి. తీగలూ పొదలూ అక్టోబరు వానకి.

హైదరాబాద్ నర్సరీ నుంచి మొక్కలు తీసుకెళ్లకండి అనను, మనసు ఊరుకోదు. కానీ నీడ వల కింద పెరిగిన మొక్కని నేరుగా ఉప్పు గాలిలో పెట్టడం అన్యాయం. ఇంటి వెనక, గాలి తగలని గోడ చాటున మూడు వారాలు ఉంచి, తర్వాత నాటాలి. వీలైతే కడియం నర్సరీల్లోనో బాపట్ల చుట్టుపక్కలో కొనండి. ఎనిమిదడుగుల మొక్క కొని గొప్పకి పోవద్దు. గాలికి ఊగి ఊగి కొత్త వేళ్లు తెగిపోతాయి. రెండడుగుల మొక్క మూడేళ్లలో దాన్ని దాటిపోతుంది. మా ఇంట్లో ఈ పందెం నేనే ఓడిపోయాను, అన్నయ్యకి.

ఆరో అడుగు: కొబ్బరి

చెట్టుకీ చెట్టుకీ 8 మీటర్లు. దగ్గరగా నాటితే ఆకాశం కోసం పోటీపడి సన్నగా పొడుగెక్కుతాయి. తీరానికి ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకం నమ్మకమైనది. బొండాల కోసం గంగబొండం అనే పొట్టి రకం, రెండిటి సంకరమైన గోదావరి గంగ కూడా వేయొచ్చు, కానీ పొట్టి రకాలు నీటి ఎద్దడికి ఓర్చుకోవు, వాటిని ఇంటికి దగ్గరగా పెట్టండి. నడకదారి పక్కన, కారు ఆపే చోట, ఊయల కట్టే చోట కొబ్బరి నాటొద్దు. ఎందుకో చెప్పక్కర్లేదు.

పురుగుల్లో ముఖ్యమైనది కొమ్ము పురుగు. మొవ్వు తొలిచేస్తుంది, విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తే అది దాని పనే. ఆ పురుగు పెరిగేది ఎక్కడో తెలుసా? పేడ దిబ్బలో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. మేం ఎరువు గుంటని అందంగా కొబ్బరి చెట్ల మధ్యలో తవ్వించాం, అందుబాటులో ఉంటుందని. పురుగుకీ అందుబాటులోనే ఉంది. ఇప్పుడు గుంట స్థలం చివరకి మార్చి, మెటారైజియం అనే శిలీంధ్రపు పొడి కలుపుతున్నాం. అది పిల్ల పురుగుల్ని చంపుతుంది. మొవ్వు దగ్గరి మట్టల సందుల్లో వేప పిండి, దానికి రెట్టింపు ఇసుక కలిపి వేయాలి. లోపల పురుగు ఉంటే ఇనుప కొక్కెంతో లాగేయాలి.

ఆకు అడుగున తెల్లటి సుడులు, కింది ఆకుల మీద మసి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. చూడగానే గుండె గుభేలుమంటుంది, మందు కొట్టాలనిపిస్తుంది. కొట్టొద్దు. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే సన్నటి కందిరీగ జాతి ఒకటుంది. మందుకి ముందు అదే పోతుంది. నీళ్లు జోరుగా కొట్టి కడగండి, పసుపు జిగురు అట్టలు కట్టండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు దీనికి పనికొచ్చే శిలీంధ్రాన్ని పెంచే పద్ధతి కూడా చెబుతారు.

ఏడో అడుగు: తాబేళ్ల కాలానికి ఇల్లు సిద్ధం చేయడం

జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి ఇసుక ఎక్కి, వెనక కాళ్లతో ఒకటిన్నర అడుగు లోతు కూజా ఆకారపు గుంట తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద దబదబా ఒళ్లు ఊపి చదును చేసి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. ఆ ఇసుక వేడిని బట్టే అవి ఆడో మగో తేలుతుంది, వేడెక్కువైతే ఆడపిల్లలు.

పైకొచ్చిన పిల్లకి సముద్రం ఎటుందో చెప్పేది ముఖ్యంగా వెలుగే. చీకటి రాత్రి నీటి వైపు ఆకాశం కాస్త వెలుగ్గా, నేల వైపు చెట్ల నీడ నల్లగా ఉంటుంది. ఆ వెలుగు వైపు పరిగెడతాయి. మన వరండాలో తెల్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు వెలిగితే అదే సముద్రమనుకుని వస్తాయి. తెల్లారేసరికి కాకులూ కుక్కలూ ఉండనే ఉంటాయి.

చేయాల్సినవి ఇవి. డిసెంబరు ఆఖర్లోపు సముద్రం వైపు లైట్లన్నీ మార్చండి: కాషాయం లేదా ఎర్ర రంగు ఎల్‌ఈడీలు, 560 నానోమీటర్ల కన్నా పొడుగు తరంగాలవి, మోకాలి ఎత్తుకి మించకుండా, పైన మూతతో. ఆ వైపు కిటికీలకి మందపాటి తెరలు. జనవరి నుంచి మే దాకా రాత్రి ఎనిమిది దాటాక బయట లైటు వెలగకూడదు, అంతే. తర్వాత రాత్రి ఇసుక మీద నిలబడి ఇంటి వైపు చూడండి. బల్బు కంటికి నేరుగా కనిపిస్తే పని పూర్తి కానట్టే. గాలి కోసం పెంచిన మొగలి వరస ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది. నల్లటి నీడ అదే, వెలుగుకి అడ్డమూ అదే.

కుర్చీలు, గొడుగులు, వలలు సాయంత్రమే దిబ్బ వెనక్కి లాగేయాలి. కుక్కల్ని కట్టేయాలి. ఇసుక మీద జీపు నడపకూడదు. తాబేలు కనిపిస్తే ఫోన్ లైటు వేయకుండా, వెనక, దూరంగా, మాట్లాడకుండా కూర్చోండి. గుడ్లు తవ్వడం, మార్చడం, పిల్లల్ని చేత్తో పట్టి నీళ్లలో వేసి ఫొటోలు దిగడం ఏవీ చేయకూడదు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది. గూడు చోటు గుర్తుపెట్టుకుని అటవీ శాఖకి చెప్పండి, సంరక్షణ కేంద్రానికి మార్చాలో వద్దో వాళ్లే చూసుకుంటారు.

మా అల్లుడు ఒకసారి గచ్చిబౌలి స్నేహితుల్ని తీసుకొచ్చి, న్యూ ఇయర్‌కి సీరియల్ బల్బులు కట్టాడు. బాబాయ్ ఏమీ అనలేదు. రాత్రి పదింటికి మెయిన్ ఆఫ్ చేసి, "కరెంటు పోయింది బాబుగారూ" అన్నాడు.

ఎనిమిదో అడుగు: మిగతా చుట్టాలు

పాలపిట్ట కోసం మనవాళ్లు దసరానాడు ఊరి బయటికి వెళ్లి ఆకాశం వైపు చూస్తారు. తెలంగాణ రాష్ట్ర పక్షి. అక్కడ అది మా కరెంటు తీగ మీద రోజూ కూర్చుంటుంది, కారణం ఎండిపోయిన ఒక తాటి మాను. తల విరిగిన తాటి, కొబ్బరి మాన్ల తొర్రల్లో పాలపిట్ట, చిలక, గోరింక గూడు పెడతాయి. ఇంటి మీద పడే ప్రమాదం లేకపోతే చచ్చిన మానుని కొట్టించకండి. ఈత చెట్ల మట్టలకి గిజిగాడు గూళ్లు వేలాడితే ఆ చెట్టుకి ఆ ఏడాది మట్టలు నరకొద్దు. తేనెపిట్టలకి మందారం, నూరు వరహాలు చాలు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల నీళ్లు పెట్టండి, రోజూ పారబోసి కొత్తవి పోయించండి. లేకపోతే దోమల్ని పెంచినట్టే. గబ్బిలాలు బాదం పళ్లు తిని గింజలు వరండాలో రాలుస్తాయి. ఊడ్చుకోండి. అవి కొరికిన పండు మాత్రం పిల్లల్ని తిననివ్వొద్దు.

ఇసుకలో పీతల బొరియలు పూడ్చకండి. చచ్చిన చేపా, చెత్తా అన్నీ అవే శుభ్రం చేస్తాయి.

పాముల భయం అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. మొగలి వాసనకి నాగుపాము వస్తుందంటారు. వచ్చేది వాసనకి కాదు, దట్టమైన పొదలో ఉన్న ఎలకలకి. కాబట్టి పొదలు ఇంటికి దూరంగా, ఇంటి చుట్టూ ఆరడుగుల వెడల్పున ఊడ్చిన వట్టి ఇసుక. మన పాతకాలపు వాకిలి అదే. కట్టెలు, ఇటుకలు, కొబ్బరి మట్టలు గోడకి ఆనించి పేర్చొద్దు. ఎలకల మందు పెట్టొద్దు; ఆ ఎలకని తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది. ముంగిస, ఉడుము తిరుగుతుంటే తిరగనివ్వండి. రాత్రి టార్చి, చెప్పులు తప్పనిసరి. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకి మడిచి పడుకోండి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు పాముని చచ్చిందనుకుని తాకొద్దు, వాటికి విషం ఉంటుంది. ఎవరినైనా పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకుండా, ఉంగరాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో మొదటి రోజే కనుక్కుని తలుపు వెనక రాసి పెట్టండి.

తొమ్మిదో అడుగు: దూరం నుంచి నడపడం

తోటని నడిపేది మీరు కాదు, అక్కడున్న మనిషి. జీతం ఒకటో తారీఖునే పంపండి, మొక్కల ఎంపికలో ఆయన మాట వినండి. ఆదివారం ఉదయం పది నిమిషాల వీడియో కాల్ పెట్టుకోండి: దొరువు, కొబ్బరి మొవ్వులు, డ్రిప్ చివరలు, దిబ్బ. అంతకంటే ఎక్కువ అడిగితే ఆయనకి విసుగు, మీకు బెంగ. డ్రిప్‌కి టైమరు పెట్టొచ్చు, కానీ ఉప్పుగాలికి ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్ తప్ప ఏదీ నిలవదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చే అతిథులకి చేపల పులుసు మీద ఆశ పెట్టకండి.

పదో అడుగు: తుఫానుకి ముందు, తర్వాత

హెచ్చరిక రాగానే ముదురు కాయలు, ఎండు మట్టలు దింపించండి. పచ్చి మట్టలు నరకొద్దు, మొవ్వుని గాలి నుంచి కాచేవి అవే. బాదం కొమ్మల్ని గాలి దూరేలా పలచన చేయండి. కుండీలు, కుర్చీలు లోపలికి. మోటారు పైకి తీయించండి. తాగే నీళ్లు నింపి, అక్కడి మనిషిని కుటుంబంతో సహా ఊళ్లోని గట్టి భవనానికి పంపేయండి. ఇంటిని కాపలా కాయమని ఒక్క మాట కూడా అనకండి.

గాలి ఆగాక రెండు రోజుల్లోపు మంచినీళ్లతో ఆకుల మీది ఉప్పు కడిగించాలి. వాన బాగా పడి ఉంటే అదే కడిగేసి ఉంటుంది. సముద్రపు నీరు తోటలోకి వచ్చినా కంగారు వద్దు. బంకమట్టిలో అయితే ఉప్పు ఏళ్ల తరబడి ఉంటుంది గానీ, ఇసుకలోంచి నాలుగు మంచి వానలకి కిందికి దిగిపోతుంది. ఒరిగిన చిన్న చెట్లని వారంలోపు నిలబెట్టి, మోకు కట్టి, మొదట్లో ఇసుక తొక్కాలి. ఆకులన్నీ మాడి ఎర్రబడిన చెట్టుని చూసి వెంటనే నరికించకండి. మిచౌంగ్ తర్వాత మా గంగరావి, పొన్న నిలువునా కాలినట్టు అయిపోయాయి. అన్నయ్య గొడ్డలి మాట ఎత్తాడు. బాబాయ్ బెరడు మీద గోటితో గీకి, కింద పచ్చగా ఉన్న చోటు ఫొటో తీసి పంపాడు. ఏడో వారానికి చిగురేశాయి. సపోటా ఒకటి పోయింది. దాని గుంటలో ఈసారి ఇంకో పొన్న పెట్టాం.